బహుభాషాసీమలో మానవసంపద: షోలాపురపు నేతవారి విషయము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మానవసంపదను గూర్చియు, ప్రాంతీయాభివృద్ధి ప్రణాళికను గూర్చియు ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఇది ప్రభుత్వ కార్యాలయములకు తగిన విషయమే గాని కులసభలకు తగినది కాదని కొందఱు తలపవచ్చును. మేమట్లు తలపము. ప్రణాళికలు వ్రాయువారు ఏ జనమును గూర్చి వ్రాయుదురో ఆ జనమే ఇచట ఆసీనమైయున్నది. మార్కండేయ మహర్షి సంతతివారమని చెప్పుకొను మనము నూలును నమ్ముకొని ఊళ్లు దాటినవారము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము మున్నగు మండలములనుండి తరలిపోయి షోలాపురము, భీవండి, బొంబాయి, సూరతు నగరములలో స్థిరపడిన కుటుంబములకు చెందినవారు ఈ సభలో పెక్కురు గలరు. మన బ్రతుకుతెరువు ఏ పట్టణమున ఉన్నదో ఆ పట్టణపు ప్రణాళిక మనకు పరాయిది కాజాలదు.

దేశమంతటిని గూర్చి మాటలాడినచో మాటలు పెరుగును, విషయము జారిపోవును. అందుచే షోలాపురమను ఒక్క పట్టణమును దృష్టాంతముగా గైకొనుచున్నాము. షోలాపురపు దుప్పటి నెఱుగని తెలుగు ఇల్లు అరుదు. దానిని నేసిన చేతుల స్థితి యెట్టిదో ఎఱిగినవారు మాత్రము కొలదిమంది.

మేము విన్నవింపదలచిన ముఖ్యాంశమును మొదటనే చెప్పుచున్నాము. ఆ పట్టణమును గూర్చి చేసిన ప్రణాళికలలో కొన్ని మిల్లులను లెక్కించినవి; కొన్ని మగ్గములను, మఱికొన్ని కట్టవలసిన ఇండ్లను లెక్కించినవి. ఒక కుటుంబమునందలి మనుష్యుల నేర్పును, చదువును, భాషలను, ఓపికను ఒక్కచో చేర్చి లెక్కించుట మాత్రము మిక్కిలి అరుదు. అట్టి లెక్క కుదురవలయునన్న అన్ని భాషలవారిని, అన్ని కులములవారిని ఒక్క పట్టికలో చేర్పవలసియుండును. ఒక కులము తన్ను మాత్రమే లెక్కించుకొని బాగుపడుటకు అట్టి సీమలో వీలులేదు. అయినను ఆ లెక్కను ఆరంభింపగల శక్తి కులసభలకు కలదు.

పట్టణము పెరిగిన విధము

షోలాపురము మహారాష్ట్రమునకు ఆగ్నేయదిక్కున, కర్ణాటకమునకు చేరువగా, పూర్వపు నైజాము రాజ్యపు సరిహద్దు సమీపమున ఉన్నది. మరాఠీ, కన్నడము, తెలుగు, ఉర్దూ అను నాలుగు భాషలును ఆ వీథులలో నిత్యము వినబడును. సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాతర జరుగును. శ్రావణ పూర్ణిమనాడు మన మార్కండేయస్వామి రథము సాగును. రెండు ఉత్సవములకును జనులు భాషాభేదము పాటింపక వత్తురు.

1860లో రైలుమార్గము ఆ పట్టణమును చేరెను. 1877లో షోలాపురము నూలు, నేత మిల్లు స్థాపింపబడెను. జనులు నేటికిని దానిని పాతమిల్లు అనియే చెప్పుకొందురు. ఆ పిమ్మట లక్ష్మి, నరసింగగిర్జీ, విష్ణు, జామ్ మిల్లులు వెలసెను. మిల్లు వచ్చినంతమాత్రమున చేతిమగ్గము చావలేదు. మిల్లునూలు దొరకుటచే చేతిమగ్గమునకును పని పెరిగెను. తెలుగు సీమనుండి పద్మశాలీలు వచ్చిరి. మరాఠీ మాటలాడు సాలీలును, కోష్టీలును, కన్నడము మాటలాడు కురుహినశెట్టులును, ఉర్దూ మాటలాడు మోమినులును అదే వృత్తిలో ఉండిరి. వచ్చినవారిలో కొందఱు సొంత మగ్గములు వేసికొనిరి. పెక్కురు పరుల కార్ఖానాలలో కూలికి నేసిరి. మగ్గము వేఱైనను, కులము వేఱైనను, నూలు ధర పెరిగినపుడు కలిగిన బాధ అందఱకు ఒక్కటియే.

జనశక్తి పేరిట జరిగిన అన్యాయమునకును ఆ పట్టణమే సాక్షి. ఆంగ్ల ప్రభుత్వము 1871 మొదలుగా చేసిన నేరజాతుల చట్టములను ఆధారము చేసికొని, సంచారజాతుల కుటుంబములను కంచె వేసిన సెటిల్‌మెంటులో ఉంచి, హాజరు తీసికొని, మిల్లుల పనికి పంపుచుండిరి. పనివారు కావలయునను మిల్లుల కోరిక తీఱెను. జాతులను అదుపునందుంచవలయునను ప్రభుత్వపు కోరికయు తీఱెను. ఆ మనుష్యుల కోరికను అడిగినవారు లేరు. ఆ చట్టములు 1952 నాటికి రద్దయ్యెను. మనుష్యుని పనిముట్టుగా మాత్రమే చూచిన ప్రణాళిక ఎంతవఱకు పోగలదో తెలిసికొనుటకు ఈ నిదర్శనమును మఱవరాదు.

ఆ పట్టణముననే దీనికి వ్యతిరేకమైన నిదర్శనమును కలదు. 1930లో షోలాపురపు పురపాలక సంఘము తన భవనముపై జాతీయ పతాకమును ఎగురవేసెను. ఆ సంవత్సరము మే మాసమున మిల్లు కార్మికులతో పట్టణమంతయు ఉద్యమించగా ప్రభుత్వము సైనికశాసనమును విధించెను. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని 1931 జనవరి 12వ తేదీన ఎరవాడ చెఱసాలలో ఉరితీసిరి. ఆ నలుగురి పేర్లను ఒకమాఱు వరుసగా చదివినచో ఆ పట్టణపు స్వభావము తెలియును. ఆనాడు ఉరికంబము కులభేదమును, మతభేదమును చూడలేదు. నేడు పని పోవునపుడు, కూలి తగ్గునపుడు ఆ నష్టమును వాటిని చూచుట లేదు.

లెక్కించినవారు, లెక్కకు రానివారు

ప్రణాళికకు పూర్వము పరిశోధన ఉండవలయునని మన దేశమున మొదట గట్టిగా చెప్పినవారిలో ధనంజయ రామచంద్ర గాడ్గీల్ పండితుడు ముఖ్యుడు. 1930లో పూనాలో స్థాపింపబడిన గోఖలే అర్థశాస్త్ర సంస్థకు ఆయన చిరకాలము అధిపతిగా నుండెను. ఆ సంస్థ 1947లో షోలాపురపు నేతజాతుల సాంఘికార్థిక స్థితిని గూర్చి కాకడే రచించిన గ్రంథమును ప్రకటించెను. అది ఒక్క కులమును గూర్చినది కాదు. పట్టణమందలి నేతజాతులను గూర్చినది. 1965లో షోలాపుర నగరమును గూర్చి గాడ్గీల్ గ్రంథము వెలువడెను. 1967లో ఆయన ప్రణాళికా సంఘమునకు ఉపాధ్యక్షుడయ్యెను. దేశపు ప్రణాళికను నడిపిన పండితుడు మన మగ్గముల వీథులను పరిశోధించినవారిలో ఒకడని మన యువకులలో ఎందఱెఱుగుదురు? ఆ గ్రంథములు మన వసతిగృహముల పుస్తకశాలలలో ఉండవలయును.

ఈ పరిశోధనల కాలముననే ఒక పెద్ద విపత్తు సంభవించెను. 1949 ఆగస్టులో పాతమిల్లు మూతపడెను. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వము అత్యవసర శాసనముచే దాని నిర్వహణమును స్వీకరించెను. నిత్యావసర వస్తువుల ఉత్పత్తికి భంగము కలుగుట ఒకటియు, జనులలో ఒక భాగమునకు తీవ్రమైన నిరుద్యోగము కలుగుట మఱియొకటియు ఆ శాసనమునకు చెప్పబడిన కారణములు. వాటాదారులు న్యాయస్థానమునకు పోయిరి. 1950 డిసెంబరులో ఒక వ్యాజ్యమునందు సుప్రీముకోర్టు ఆ శాసనమును సమర్థించెను. 1953 డిసెంబరులో వేఱొక వ్యాజ్యమునందు అది చెల్లదని తీర్పు చెప్పెను. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రెండు తీర్పులను నేటికిని చదువుదురు.

వాటాదారుని ఆస్తి ఎంతవఱకు రక్షణీయమను ప్రశ్నపై దేశపు పెద్ద న్యాయవాదులు వాదించిరి. అది అవసరమైన వాదమే. అయితే ఇరువది సంవత్సరములు పడుగు తోడి, అచ్చు అతికి, తెగిన పోగును చీకటిలోనైనను పట్టుకొనగల నేర్పరి కూడ ఒక ఆస్తిని కూడబెట్టినవాడే. మిల్లు మూతపడిననాడు ఆ ఆస్తి విలువ సున్న యగుచున్నది. దానికి నష్టపరిహారమును నిర్ణయించిన పద్దు ఏ ప్రణాళికయందును మాకు కానరాదు. మానవసంపద యనుమాటకు మేము చెప్పుకొను అర్థమిదియే: మనుష్యునిలో చేరిన నేర్పు ఆ ప్రాంతపు మూలధనము. దానిని పోగొట్టుకొనిన ప్రాంతము బీదదగును.

ఒక ఇల్లు, మూడు శాఖలు

ఇక నేటి స్థితిని చూతము. షోలాపురములో ఒక సామాన్య తెలుగు కుటుంబమును భావింపుడు. తండ్రి మరమగ్గముపై తువ్వాళ్లు నేయును. తల్లి ఇంటివద్ద తునికాకు కత్తిరించి బీడీలు చుట్టును. కుమార్తె బడికి పోవుచు, సాయంకాలము తల్లికి తోడుగా దారము చుట్టును. ఈ మువ్వురును ఒక్క కప్పు క్రింద ఉన్నారు గాని, ప్రభుత్వ పత్రములలో ఒక్కచో లేరు. తండ్రి పరిశ్రమను చూచునది జౌళిశాఖ. తల్లి పనిని చూచునది శ్రామికశాఖ. కుమార్తె చదువును చూచునది విద్యాశాఖ. ఒక శాఖ పద్దు మఱియొక శాఖకు తెలియదు. మరమగ్గము నిలిచిపోయినపుడు తల్లి చుట్టవలసిన బీడీలు పెరుగునని, అవి పెరిగినపుడు బడికి పోవు దినములు తగ్గునని ఏ శాఖకును తోచదు. ఆ యింటివారికి మాత్రము చక్కగా తెలియును.

చేనేతవారి గణన దేశమున జరుగుచున్నది. 2019-20లో ముగిసిన నాలుగవ గణన ప్రకారము చేనేతపై ఆధారపడిన పనివారు సుమారు 35 లక్షలు. వారిలో స్త్రీలే ఎక్కువ. ఆ గణన మిక్కిలి ఉపకరించునది. కాని అది చేతిమగ్గమునకు చేరిన చేతులను మాత్రమే లెక్కించును. మరమగ్గమునకు పోయిన భర్తయు, బీడీలకు పోయిన భార్యయు అందునుండి తొలగిపోవుదురు. చేనేతవారి సంఖ్య తగ్గినదని మనము విందుము; తగ్గినవారు ఎచటికి పోయిరి, ఏమి చేయుచున్నారు, ఇంకను ఏమి చేయగలరు అను సంగతి ఆ సంఖ్యలో ఉండదు.

సాయపు క్రమమును చూడుడు. జౌళి పరిశ్రమలో క్రొత్త యంత్రములు కొనుటకు వడ్డీ రాయితీ నిచ్చు పథకము 1999లో ఆరంభమయ్యెను. ఆ పరిశ్రమ పనివారి శిక్షణకు ప్రత్యేక పథకము 2010 ప్రాంతమున వచ్చెను. ‘సమర్థ’ అను పథకము 2017లో వచ్చెను. యంత్రము ముందు వచ్చెను. దానిని నడుపవలసిన మనుష్యుని తలంపు పదియేండ్లు వెనుక వచ్చెను. 2005లో షోలాపురపు చద్దరునకు భౌగోళిక గుర్తింపు లభించెను. అది గర్వకారణము. అయితే ఆ గుర్తింపు చద్దరు పేరును కాపాడును గాని, చద్దరు నేయువాని కూలిని కాపాడదు. ఆ రెండవ పనికి వేఱు ప్రయత్నము కావలయును.

బీడీ పనివారల రక్షణకు 1966లో చట్టమును, వారి సంక్షేమనిధికి 1976లో చట్టమును చేయబడినవి. వైద్యమునకు, పిల్లల విద్యార్థివేతనములకు, ఇండ్లకు ఆ నిధి ఆధారమైయుండెను. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినపుడు ఆ నిధికి ఆధారమైన ప్రత్యేక సుంకము తీసివేయబడెను. పొగాకు వినియోగము తగ్గవలయుననుట లోకహితము. దానిని మేము కాదనము. అయితే బీడీ తగ్గినపుడు ఆ స్త్రీ చేతికి మఱియొక పని ముందుగా సిద్ధమై యుండవలదా? ఆమె వ్రేళ్ల వేగమును, ఆమె లెక్క తప్పని అలవాటును మఱియొక వృత్తికి మలచు శిక్షణ ఆమె వీథిలోనే దొరకవలదా? షోలాపురములో పాఠశాలల దుస్తులు కుట్టు పరిశ్రమ పెరుగుచున్నది. అందు ఆమెకు చోటు కలదు. ఆ చోటును చూపువారు కావలయును.

చేయదలచినచో కూడి చేయవచ్చుననుటకు ఆ పట్టణముననే తార్కాణము కలదు. బీడీ చుట్టు స్త్రీలు చిరకాలము పోరాడి, సహకార పద్ధతిని ఇండ్లు సంపాదించుకొనిరి. పట్టణము చెంతనున్న కుంభారి గ్రామమున గోదూతాయి పరుళేకర్ పేరిట 10,000 ఇండ్లు నిర్మింపబడి 2006లో పంచబడినవి. అటుపిమ్మట రేనగరము పేరిట 30,000 ఇండ్ల పథకము ఆరంభమై, అందు 15,000 ఇండ్లు 2024 జనవరిలో పంచబడినవి. ఈ ప్రయత్నమునకు నాయకుడైన నరసయ్య ఆడం తెలుగు నేతకుటుంబమున పుట్టినవాడు. ఆయన ఒక్క తెలుగువారి కొఱకే ఇండ్లు అడుగలేదు. అసంఘటిత కార్మికులందఱి కొఱకు అడిగెను. అందుచేతనే ఆ సంఖ్య వేలకు చేరెను. రాజకీయములలో ఎవరి అభిప్రాయము వారిది. ఈ విషయమునందలి నీతి మాత్రము అందఱకు గ్రాహ్యమే.

భాష బరువా, బలమా?

1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడెను. 1960లో మహారాష్ట్రము అవతరించెను. రాష్ట్రమునకు ఒక భాష యుండుట పరిపాలనకు సౌకర్యము. సరిహద్దు పట్టణములకు మాత్రము అది ఒక చిక్కును తెచ్చెను. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ యను స్థితిలో పెరుగు బాలునకు మొదటి తరగతులలో చదువు కుంటుపడును. దీనిని ఊహించియే 1956లో రాజ్యాంగమునందు 350-ఎ అధికరణము చేర్పబడెను. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు రాష్ట్రములును, స్థానిక సంస్థలును తగిన సౌకర్యములు కల్పింపవలయునని దాని భావము. షోలాపురపు పురపాలక సంఘము మరాఠీతోపాటు కన్నడము, తెలుగు, ఉర్దూ భాషలలోను బడులు నడుపుచు వచ్చుట ఇతర పట్టణములకు ఆదర్శము.

మనవారిలో ఇచట రెండు పక్షములు కలవు. తెలుగు బడిలో చదివినవానికి ఆ రాష్ట్రమున ఉద్యోగము రాదని కొందఱందురు. తెలుగు మఱచినచో మన సంస్కృతి నశించునని మఱికొందఱందురు. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములు కావని మా అభిప్రాయము. మొదటి మెట్టున మాతృభాష పునాదిగా ఉండవలయును. దానితోడనే మరాఠీని చక్కగా, వ్యాకరణయుక్తముగా నేర్పవలయును. చెవితో నేర్చిన మరాఠీ బజారునకు చాలును గాని కచేరీకి, కళాశాలకు చాలదు. రెండు భాషలలో చదువ వ్రాయ నేర్చి, కన్నడమును, హిందీని మాటలాడగల పిల్లవాడు మూడు రాష్ట్రముల వ్యాపారమునకు పనికివచ్చును. షోలాపురపు సరకు కర్ణాటకమునకును, తెలుగు సీమకును పోవుచునే యున్నది. ఆ సరకుతోపాటు లెక్క వ్రాయగలవాడు, ఉత్తరము నడుపగలవాడు, బేరము కుదుర్చగలవాడు కావలయును. నాలుగు భాషల మధ్య పుట్టుట మన పిల్లలకు లభించిన మూలధనము. దానిని ఉపయోగించుకొననిచో అదియే బరువగును.

సరిహద్దు తెచ్చిన మఱియొక చిక్కును గూడ చెప్పవలసియున్నది. మన కులము తెలంగాణమున వెనుకబడిన తరగతులలో ‘బి’ వర్గమునందును, మహారాష్ట్రమున ప్రత్యేక వెనుకబడిన వర్గమునందును ఉన్నది. అన్నదమ్ములలో ఒకడు సిరిసిల్లలోను, ఒకడు షోలాపురములోను ఉన్నచో వారి పిల్లల పత్రములు వేఱువేఱు. మరల వచ్చిన కుటుంబమునకు నివాసము, కులము నిరూపించుకొనుటలోనే ఒక విద్యాసంవత్సరము గడచిపోవచ్చును. ఇట్టివారికి పత్రములు సమకూర్చి ఇచ్చు సహాయకుడు ప్రతి శాఖాసంఘమునందు ఉండుట మేలు.

మరల వచ్చువారిని గూర్చి

2017లో తెలంగాణ ప్రభుత్వము క్రొత్త జౌళివిధానమును ప్రకటించెను. అదే సంవత్సరము అక్టోబరు 22వ తేదీన వరంగల్లు సమీపమున కాకతీయ జౌళి పార్కునకు శంకుస్థాపనము జరిగెను. సూరతు, భీవండి, షోలాపురములకు వలసపోయిన నేతవారిని మరల రప్పించుట ఆ సంకల్పములో ఒక భాగము. ఆ సంకల్పము శ్లాఘనీయమైనది. అయితే మరల వచ్చువాడు ఖాళీ చేతులతో వచ్చువాడు కాడు. అతడు సూరతులో కృత్రిమపు నూలుపై పనిచేసియుండును. భీవండిలో యంత్రమును మరమ్మతు చేయ నేర్చియుండును. షోలాపురములో జకార్డు అట్టలు గ్రుచ్చుటయు, అద్దకమును నేర్చియుండును. ఎవనికి ఏమి వచ్చునో ముందుగా వ్రాసికొనక అందఱిని ఒక్కతీరున కూలివారిగా చేర్చుకొన్నచో, పరదేశమున సంపాదించిన నేర్పు స్వదేశమున వ్యర్థమగును.

సిరిసిల్ల విషయమును గూడ ఇచట స్మరింపవలయును. అచట నూలు నిచ్చు యజమాని, సాంచలు గల ఆసామి, సాంచ నడుపు కార్మికుడు అను మూడు మెట్లు కలవు. 2017 మొదలు 2023 వఱకు బతుకమ్మ చీరల పని వారికి లభించెను. 2024లో ఆ పని నిలిచిపోగా పెక్కు సాంచలు మూగవోయెను; 2025లో స్వయంసహాయక సంఘముల స్త్రీలకిచ్చు చీరల రూపమున మఱల పని దొరకెను. ప్రభుత్వము చేయు కొనుగోలు ఆపదలో ఆదుకొనును. అయితే ఒక్క కొనుగోలుదారునిపై బ్రతుకు ఊరు, ఆ కొనుగోలు ఆగిననాడు మూడు మెట్లవారిని ఒక్కసారిగా కష్టపెట్టును. అందులోను క్రింది మెట్టువానికి దెబ్బ ముందుగా తగులును. ఒక్క రకపు నేత, ఒక్క సంత, ఒక్క నేర్పు - ఇట్టి స్థితిని తప్పించుటయే ప్రాంతీయ ప్రణాళిక చేయవలసిన మొదటి పని.

దాతలకు ఒక విన్నపము

మహాశయులారా! ఒక కఠినమైన మాటను వినయపూర్వకముగా చెప్పనిండు. ఈ సభకు విరాళములిచ్చిన వదాన్యులలో కార్ఖానాల యజమానులు కలరు. ఎదుట కూర్చున్నవారిలో ఆ కార్ఖానాలలో పనిచేయువారు కలరు. ఇద్దఱును ఒక్క కులమువారే. ఒక్క పంక్తిలో భుజింతురు. వసతిగృహమునకు ఒక గది కట్టించుట పుణ్యకార్యము. ఆ గదిపై దాత పేరు శాశ్వతముగా నిలుచును. కాని పనివాని పేరు హాజరుపట్టీలో నిలుచుటయు, భవిష్యనిధిలో అతని పద్దు నిలుచుటయు పుణ్యకార్యములే. ఇందు మొదటిది దానము. రెండవది ఋణము తీర్చుట. ఋణము తీర్పక చేసిన దానమును మన పెద్దలు మెచ్చలేదు. పనివాని పేరు పట్టీలో లేనిచో ప్రభుత్వపు లెక్కలో అతడు లేడు. లెక్కలో లేనివానికి ప్రణాళికలో చోటు లేదు. కావున ఏ శిక్షణ పథకమును గూర్చి మాటలాడుటకైనను ముందు ఆ పట్టీ సరిగా వ్రాయబడవలయును.

కులధనమును కులమునకే వినియోగింపవలయునని కొందఱు వాదింతురు. వారికి మా సమాధానమిది. ఒకే వీథిలో తెలుగు నేతగాడును, మోమిను నేతగాడును, కన్నడ నేతగాడును ఉన్నారు. వారికి విద్యుచ్ఛక్తి ఒక్క తీగనుండి వచ్చును. అద్దకపు నీరు ఒక్క కాలువలో కలియును. ఒక కులమువాడు తక్కువ కూలికి ఒప్పుకొన్నచో రెండవ కులమువాని కూలి తగ్గును. ఒకరి పిల్లలు చదువుకొన్నచో ఆ వీథికి మంచి పనులు వచ్చును. మన పిల్లవానికి చదువు చెప్పించుట కులధర్మమైనచో, వాని ప్రక్కన కూర్చున్న పిల్లవానికి చెప్పించుట మన పిల్లవానికి చేసిన మేలే.

చేయవలసిన పనులు

ఈ మహాసభ ఆలోచనార్థము కొన్ని సూచనలు చేయుచున్నాము.

మొదటిది, ఇంటింటి పట్టిక. ప్రతి శాఖాసంఘమును తన వీథులలోని కుటుంబముల పట్టికను ఒక సంవత్సరములో సిద్ధపఱుపవలయును. అందు మగ్గముల సంఖ్యకంటె మనుష్యుల వివరములు ముఖ్యము: వయస్సు, చదువు, చదువ వ్రాయ వచ్చిన భాషలు, చేతనైన పనులు, ఎన్నేండ్లనుండి చేయుచున్నారు, ఏ పని మానివేసిరి, ఏల మానివేసిరి. స్త్రీల పనిని ‘గృహకృత్యములు’ అని ఒక్క మాటతో దాటివేయరాదు. బీడీలు చుట్టుటను, కండెలు చుట్టుటను, కుట్టుపనిని వేఱువేఱుగా వ్రాయవలయును.

రెండవది, ఆ పట్టికను ఒంటరిగా చేయకుండుట. మోమినుల, సాలీల, కురుహినశెట్టుల సంఘములను ఆహ్వానించి ఒక్క నమూనా కాగితముపై అందఱును వ్రాయవలయును. లెక్క అందఱిదైనపుడు దానిని త్రోసిపుచ్చుట అధికారులకు సాధ్యము కాదు.

మూడవది, ఆ లెక్కను చేర్పవలసిన చోటు. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము 243-జడ్‌డి అధికరణముచే జిల్లా ప్రణాళికా సంఘములను నిర్దేశించినది. పంచాయతీల ప్రణాళికలను, పురపాలకసంఘముల ప్రణాళికలను కలిపి జిల్లాకంతటికి ఒక్క ప్రణాళిక చేయుట వాని పని. ఉత్త అర్జీలతో గాక లెక్కలతో మనవారు ఆ సంఘమునొద్దకు పోవలయును.

నాల్గవది, వసతిగృహములు. బీడీ చుట్టు తల్లుల కుమార్తెలకు అందు సగము స్థానములు కేటాయింపవలయును. సాయంకాలపు సంపాదన పోవునను భయముచే ఆ బాలికలు బడి మానకుండునట్లు తల్లికి కొంత వేతనము నెలనెల ఈయవలయును. యంత్రముల మరమ్మతు, అద్దకము, నమూనాల చిత్రణము, జమాఖర్చులు నేర్పు సాయంకాలపు తరగతులు ఆ గృహములలోనే నడుపవలయును. వానిలో ఏ కులమువారికిని ప్రవేశము నిరాకరింపరాదు.

ఐదవది, భాష. మహారాష్ట్రమందలి మన బడులలో తెలుగును, మరాఠీని సమాన శ్రద్ధతో నేర్పు ఉపాధ్యాయులను సిద్ధపఱచుటకు దాతలు ఒక నిధిని ఏర్పఱుపవలయును.

ఈ పనులకు కావలసిన ధనము అపారము కాదు. ఒక రథోత్సవమునకు, ఒక సన్మానసభకు అగు వ్యయముతో ఒక వీథి పట్టిక పూర్తియగును. కావలసినది ముఖ్యముగా ఓపిక. పడుగు అతుకువాడు వేలకొలది పోగులలో ఒక్కదానినైనను విడిచినచో గుడ్డలో ఆ లోపము చివఱవఱకు కనబడును. మనుష్యుల లెక్కయు అట్టిదియే. ఒక వీథిని, ఒక భాషను, ఇంటిలోని ఒక స్త్రీని విడిచి వ్రాసిన ప్రణాళిక ఎంత అందముగా అచ్చయినను, ఆ లోపము ఎన్నో సంవత్సరములు వెంటాడును. ఈ సంగతి మనకు ఇతరులు నేర్పవలసినది కాదు. తరతరములుగా మన చేతులకు తెలిసినదే.

ఈ సూచనలలో ఒక్కటియైనను వచ్చు వార్షిక సభనాటికి ఒక వీథిలోనైనను అమలునకు వచ్చినచో, ఆ వీథి పట్టికను ఈ వేదికపై చదివి వినిపింపవలసినదిగా కోరుచు విరమించుచున్నాము.

స్వస్తి.